రాళ్ళకిచ్చిన టోకెన్లు

మా ఇంటాయనను ఉద్యోగంలోంచి ఇంటికి పంపించిన ఉత్తర్వులో తిట్టు ఒక్కటి కూడా లేదు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది అదే. "ప్రజాప్రయోజనం దృష్ట్యా" అని ఉంది, ఫలానా నిబంధన ప్రకారం అని ఉంది, కింద సంతకం ఉంది. తప్పు చేశాడని లేదు, పని చేయడం లేదనీ లేదు. యాభై దాటిన ఉద్యోగుల పనితీరును ఒక కమిటీ కూర్చుని చూస్తుందట. అక్కర్లేదనుకున్నవాళ్ళను గడువుకు ముందే రిటైరు చేస్తుందట. మదనపల్లెలో మా వీధివాళ్ళంతా దాన్ని ‘కంపల్సరీ’ అన్నారు, ఏదో రోగం పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి.

రైతులకు విత్తనాలూ ఎరువులూ అమ్మే ఒక ప్రభుత్వ రంగ సంస్థకు పుంగనూరులో డిపో ఉంది. ఈయన దానికి మేనేజరు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, చీకటిపడే వేళకు గోనెసంచుల వాసనతో తిరిగొచ్చేవాడు. ఆ రోజు మాత్రం మధ్యాహ్నమే వచ్చాడు. ఒక చేతిలో కవరు, ఇంకో చేతిలో మూత కూడా తీయని క్యారియరు. "ఏమైందండీ?" అంటే, "ఇంక పోయే పనిలేదు" అని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

నాకొక జబ్బుంది. ఏదైనా విషయం సగం తెలిసి సగం తెలియకపోతే అన్నం సహించదు. బస్సులో పక్క సీటావిడ ఫోన్లో ఎవరితోనో గొడవపడుతూ మధ్యలో దిగిపోతే, ఆ గొడవ ఎలా తేలిందోనని ఇంటికొచ్చాక కూడా ఆలోచించే రకాన్ని. అలాంటిదాన్ని, సొంత మొగుణ్ణి ఎందుకు వద్దన్నారో తెలియకుండా ఊరుకుంటానా? ఆయన్ను అడిగితే గోడకేసి చూస్తాడు. వీధిలోవాళ్ళకు మాత్రం అన్నీ తెలుసు. "నిప్పు లేందే పొగ రాదు కదక్కా" అంది ఎదురింటావిడ, కూరగాయల బండి దగ్గర. "మీ ఇంట్లో దినామూ పొగొస్తాండాది, నేనెప్పుడన్నా అడిగినానా?" అని నేనూ అనేశాను. ఆ తర్వాత చాలాకాలం ఆవిడ బండి వెళ్ళిపోయాక బయటికొచ్చేది.

పెన్షను వస్తుంది, పిల్లలు వాళ్ళ కాళ్ళమీద వాళ్ళు నిలబడ్డారు. ఆయన్ను లోపల తినేస్తున్నది జీతం కాదు. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోతే కూడా ఏమీ అనకుండా తింటుంటే, నాకు భయమేసి గట్టిగా అడిగాను. అప్పుడన్నాడు: "దొంగనో, సోమరినో, ఏదో ఒకటి రాసుంటే బాగుండు. నేనేందో నాకే తెలీకుండా పోయె." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. మర్నాడే ఆయన్ను బయల్దేరదీసి లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

లాయరమ్మ ఆఫీసు మందుల షాపు మీద మేడలో ఉంటుంది. కింద టమోటా లారీల హారన్లు మోగుతుంటే, ఆవిడ మాట మధ్యలో ఆపి, లారీ పోయాక మళ్ళీ మొదలుపెడుతుంది. ఉత్తర్వు చదివి కళ్ళజోడు తీసింది.

"సూడమ్మా, ఇది శిక్ష కాదు. చట్టం దీన్ని శిక్ష అనదు."

"శిక్ష కాకపోతే మరేంది? బహుమానమా?"

"ఎండుకొమ్మలు కొట్టేసేది అంటారు. చెట్టు బాగుండల్ల కదా, అందుకని."

ఆయన ముఖం మాడిపోయింది. నేను ఊరుకోలేక, "ఎండుకొమ్మయితే పొయ్యిలోకన్నా పనికొస్తారు, దిగులెందుకు?" అన్నాను. లాయరమ్మ నన్ను వింతగా చూసింది. ఆయన మాత్రం నవ్వాడు. కవరు వచ్చినప్పటినుంచీ ఆయన నవ్వడం అదే మొదలు.

హైకోర్టులో రిట్టు వేయొచ్చంది. నాకు వెంటనే ప్రాణం లేచొచ్చింది. "అయితే ఈయన మంచోడా కాదా అని జడ్జి తేల్చేస్తాడు, అంతే కదా?" అన్నాను.

"తేల్చడు" అంది లాయరమ్మ. "కమిటీవాళ్ళు కూర వండినారనుకో. కోర్టు ఆ కూర రుచి సూడదు. ఉప్పెక్కువైందా, కారం తక్కువైందా అని అడగదు. వండినోళ్ళు చేతులు కడుక్కున్నారా, ఎవరిమీదన్నా కసి పెట్టుకొని వండినారా, అసలు కూరగాయలుండి వండినారా, ఉత్త గిన్నెలో గరిటె తిప్పినారా, అంతవరకే సూస్తాది."

ఇంటికొస్తూ దారంతా ఆ మాటే నమిలాను. రుచి చూడకుండా కూర సంగతి ఎలా చెబుతారు? అలాగని ప్రతి ఇంటి కూరా కోర్టే రుచి చూస్తానంటే, ఇక వంటవాళ్ళెందుకు? రెండూ న్యాయంగానే కనిపించాయి. ఆయన్ను అడిగితే, "నువ్వు లాయరు చదివుండాల్సింది, నాకు తిప్పలు తప్పేవి" అన్నాడు.

కేసు వేశాం. కొన్నాళ్ళకు సంస్థవాళ్ళు కోర్టులో జవాబు దాఖలు చేశారు. లాయరమ్మ ఫోను చేసి రమ్మంది. ఇంగ్లీషులో ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి, తెలుగులో చదివి వినిపించింది. ‘రైతులెవరూ హాజరు కాకుండానే టోకెన్లు జారీ చేశాడు. నిజాయితీ సందేహాస్పదం.’ ఎప్పుడో కుప్పం డిపోలో ఈయన చిన్న ఉద్యోగిగా ఉన్నప్పుడు, తనిఖీకి వచ్చిన ఒక అధికారి రహస్య నివేదికలో రాసిన మాట అది. కమిటీ చేతికి దొరికింది కూడా అదొక్కటే.

ఆయన కాసేపు అర్థం కానట్టు కూర్చుని, ఉన్నట్టుండి తొడ మీద చరుచుకున్నాడు. "రాళ్ళు! అది రాళ్ళ సంగతే!"

లాయరమ్మకు అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. కుప్పం మా పుట్టిల్లు. ఆ రాళ్ళను నేనూ చూశాను.

తొలకరికి ముందు కుప్పం డిపోకు సబ్సిడీ వేరుశనగ విత్తనాలు వచ్చేవి. చుట్టూ ఉన్న పల్లెల జనం తెల్లవారకముందే వచ్చి వరస కట్టేవాళ్ళు. ఎండెక్కేసరికి వరసలో మనుషులుండేవాళ్ళు కాదు, రాళ్ళుండేవి. ఎవరి చేలోంచి వాళ్ళు తెచ్చుకున్న రాయి. తెల్ల పలుగురాయి, ఎర్రమన్ను అంటిన గుండు, పెంకుముక్క, రాయి దొరకనివాళ్ళది తెగిన చెప్పు. ఇప్పుడు అవ్వ అయిపోయిన ఒకామె మాత్రం ఇంట్లో ఊరుబిండి నూరుకునే గుండ్రాయినే కొంగున కట్టుకుని తెచ్చేది. వేరేవాళ్ళ రాయితో కలవకుండా ఉంటుందట, ఆ పూట పచ్చడి లేకపోయినా ఫరవాలేదట. రాయి పెట్టినవాళ్ళు ప్రహరీగోడ నీడలో కూర్చునేవాళ్ళు, టీ తాగేవాళ్ళు, తవుడు కొనడానికి బజారుకు పోయొచ్చేవాళ్ళు. ఇంకొకరి రాయిని కాలితో తోస్తే మనిషిని తన్నినట్టే లెక్క. తమిళం మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు, మనవాళ్ళు, అందరికీ అక్కడ అదొకటే చట్టం.

టోకెన్లివ్వాలంటే అందరినీ మళ్ళీ ఎండలోకి పిలవాలి. పిలిస్తే తోపులాట. అందుకని ఈయన తనే వరస వెంట నడిచి, ఒక్కో రాయి కింద ఒక్కో టోకెను పెట్టుకుంటూ పోయేవాడు. ఎవరి రాయి వాళ్ళు ఎత్తి తీసుకునేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో క్యారియరు ఇవ్వడానికి వెళ్ళి, రాయి రాయికీ వంగి లేస్తున్న మనిషిని చూసి, ఇతనికేమైనా తేడా ఉందేమో, మా నాన్న సరిగ్గా విచారించలేదేమో అని నిజంగానే హడలిపోయాను. ఒకరి టోకెను ఇంకొకరు తీసుకున్నారన్న మాట మాత్రం అక్కడున్నంతకాలం వినలేదు.

ఆ అధికారి జీపు దిగిన వేళకు ఈయన అలాగే వంగి ఉన్నాడట. "రైతులెక్కడయ్యా?" అని అడిగాడట. ఈయన రాళ్ళ వైపు చెయ్యి చూపించి, "ఈడనే ఉండారు సార్" అన్నాడట.

లాయరమ్మ చేత్తో నోరు మూసుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ అధికారిని తిట్టుకోవాలని ఎంతో ప్రయత్నించాను కానీ పూర్తిగా చేతకాలేదు. అతని వైపు నుంచి చూస్తే ఏముంది? మా ప్రాంతం ఎరగని మనిషి. జీపు దిగాడు, ఎండ, రాళ్ళు, రాళ్ళకు చీటీలు పెడుతున్న ఒక ఉద్యోగి. కనిపించింది రాశాడు. నాలుగడుగులు వేసి గోడ అవతల నీడలోకి తొంగిచూసుంటే, కనిపించేదీ రాసేదీ ఇంకోలా ఉండేవి. ఆ నాలుగడుగులు ఎందుకు వేయలేదు? ఎండా, ఆకలా, లేక తనకు తెలిసిందే చాలనుకున్నాడా? ఆ మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే వెళ్ళి అడిగేదాన్ని, కొట్లాటకు కాదు, ఊరికే తెలుసుకోవడానికి.

ఆ మాట రాసినట్టు ఈయనకు ఎవరూ చెప్పలేదు. పైగా తర్వాత పని చూసి ప్రమోషనిచ్చారు, పుంగనూరుకు మేనేజరుగా పంపారు. ఏటేటా నివేదికల్లో బాగా చేస్తున్నాడనే రాశారు. "ఇదే మనకు పట్టు" అంది లాయరమ్మ. ఆయన మాత్రం పట్టుకున్నది వేరే. "ఆ రాళ్ళ దగ్గర మనుషులుండారని కోర్టు సెప్పల్ల. అది సెప్తే సాలు నాకు" అన్నాడు.

ఈ కథంతా నేను ఫోన్లో మా తమ్ముడికి చెప్పాను. తమ్ముడు కుప్పంలో ఎవరికి చెప్పాడో, ఎవరికి చెప్పలేదో. ఒకరోజు పొద్దున తలుపు తీస్తే గుండ్రాయి అవ్వ, ఆమె తమ్ముడు, ఇంకొక రైతు. ఊరక రారు మహానుభావులని, నేను మర్యాదకు "ఏం అవ్వా, ఇంతదూరం?" అంటుంటే, అవ్వ తమ్ముడు భుజం మీది గోనెసంచి దభీమని గడప ముందు దించాడు. లోపల రాళ్ళు. వాళ్ళ రాళ్ళూ, రాలేకపోయినవాళ్ళ రాళ్ళూ. పలమనేరులో బస్సు మారేటప్పుడు కండక్టరు సంచిలో ఏముందని అడిగితే, అవ్వ "సాక్షులుండారప్పా" అందట. లగేజీ టికెట్టు కొట్టాడట.

సంచితో సహా అందరం లాయరమ్మ మేడ ఎక్కాం. ఆవిడ బల్ల మీద అవ్వ తన గుండ్రాయిని పెట్టింది. ఇన్నేళ్ళ పచ్చడికి దాని ఒక పక్క అరిగి నున్నగా ఉంది.

"అవ్వా, ఈ కేసులో సాక్షులను పిలిచేది లేదు" అంది లాయరమ్మ మెత్తగా. "ఫైల్లో ఉండేదే మాట్లాడల్ల."

"ఫైలుకు నోరుండాదా?"

"రాయికుండాదా అవ్వా?"

అవ్వ ఆ వేళాకోళాన్ని పట్టించుకోలేదు. "గోడ నీడన కూసోనుంటిమి సామీ మేము. ఆడనే ఉంటిమి. లేమని ఏల రాసినారు?"

లాయరమ్మ నవ్వు ఆపేసింది. కళ్ళజోడు పెట్టుకుని ఆ రిమార్కు ఉన్న పేజీ మళ్ళీ తీసింది. అప్పటిదాకా నేను ఇది మా ఇంటి కేసనే అనుకున్నాను. ఒక ముక్కతో ఒక ఉద్యోగి నిజాయితీనే కాదు, ఎండలో నడిచొచ్చిన ఒక ఊరి జనాన్ని మొత్తం లేకుండా చేశారని అవ్వ అడిగేదాకా నాకు తట్టలేదు. సిగ్గేసింది.

ఆ మాటను తిరుగు జవాబులో రాస్తానని లాయరమ్మ ఒప్పుకుంది. అయినా అవ్వ రాళ్ళు వెనక్కి తీసుకుపోనంది. "తీర్పొచ్చేదాకా వరసలో ఉండనీ. తీసేస్తే మా వంతు పోతాది." అలా ఆ రాళ్ళు లాయరమ్మ వరండాలో గోడ వెంబడి వరసగా కూర్చున్నాయి. వచ్చే పోయే క్లయింట్లు అవేమిటని అడిగితే, ఆవిడ "నా క్లయింట్లే" అనేదట.

విచారణ రోజు మేము కోర్టుకు పోలేదు. లాయరమ్మ ఆఫీసులోనే ల్యాప్‌టాప్‌లో చూశాం. అంతా ఇంగ్లీషు. అక్కడ మా తరఫు లాయరు వాదిస్తుంటే, ఈవిడ మాకు ముక్క ముక్క తెలుగులో చెప్పేది. సంస్థ తరఫు లాయరు, కమిటీ మనసుకు తోచింది కమిటీ చేసింది, కోర్టు అందులోకి దిగకూడదన్నాడు. కూర రుచి చూడొద్దంటున్నాడు, నాకర్థమైంది. జడ్జి తల ఊపి, పేజీలు తిప్పి, ఒక్కటే దారిలో అడుగుతూ పోయాడు. ఈ రిమార్కు తర్వాత ఇతనికి ప్రమోషనిచ్చారా? ఇచ్చాం. పని చూసేనా? అవును. తర్వాతి ఏళ్ళ నివేదికలు ఎలా ఉన్నాయి? బాగున్నాయి. కమిటీ వాటిని చూసినట్టు ఎక్కడుంది?

సంస్థ లాయరు కాగితాలు వెతుకుతున్న చప్పుడు మదనపల్లె దాకా వినిపించింది. రాళ్ళ మాట ఒక్కసారే వచ్చింది. ‘రాళ్ళా?’ అన్నాడు జడ్జి. తెర మీద ఎవరో నవ్వారు. అంతే, ముందుకెళ్ళిపోయారు. ఈయన కుర్చీలో ముందుకు జరిగి, నోరు తెరిచి, మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు. ఆ ల్యాప్‌టాప్‌కు వినిపిస్తుందేమో అన్నట్టు నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

గెలిచాం. ఉత్తర్వు కొట్టేసి, మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. లాయరమ్మ మైసూరుపాకు తెప్పించింది. ఈయన ముక్క చేతిలో పట్టుకుని, "నేను అబద్ధపు టోకెన్లియ్యలేదని రాసినారా?" అన్నాడు.

"దాంట్లోకి పోలేదు సార్. ప్రమోషనిచ్చినాక పాత రిమార్కుకు బలం లేదన్నారు. తర్వాతి రికార్డు సూడకుండా చేసింది సెల్లదన్నారు."

"అయితే రాయలేదు."

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. ఆయన ఏడవలేదు కానీ, ఆ మైసూరుపాకు ముక్క అలాగే కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. కుప్పానికి నేనే ఫోను చేశాను. అవ్వ అంతా విని, "మేము ఆడ ఉంటిమని రాసినారా?" అని అడిగింది. లేదవ్వా అన్నాను. "మరి గెలిసిందేంది?" అంది. తర్వాత ఆమె తమ్ముడొచ్చి సంచి తీసుకుపోయాడు.

ఈయన మళ్ళీ పుంగనూరు బస్సెక్కడం మొదలుపెట్టాడు. కానీ మనిషి మారిపోయాడు. ఇంటికొచ్చి డిపో కబుర్లు చెప్పడు. ప్రతి దానికీ సంతకం, ప్రతి సంతకానికీ ఫోటో. ఏం జరుగుతోందో చూడాలని ఒకరోజు నేనే కావాలని క్యారియరు సర్దడం ఆలస్యం చేసి, దాన్ని తీసుకుని తర్వాతి బస్సెక్కాను.

డిపో గేటు పక్కన కొత్త బోర్డు. ‘రైతులు స్వయంగా వరుసలో నిలబడవలెను. రాళ్ళు, చెప్పులు, ఇతర వస్తువులు ఉంచరాదు.’ చేతిరాత ఆయనదే. దాన్ని రెండుసార్లు చదివాను. ఇప్పుడు టోకెన్లు లేవు, వేలిముద్ర పడితేనే విత్తనాల బస్తా. ఆ మెషినేమో సర్వరు లేదని మొరాయించింది. వరస కదలడం లేదు, ఎండ మాత్రం నడినెత్తికి వచ్చింది. జనం బోర్డు వైపు చూస్తూ, కొంగులు నెత్తికి కప్పుకుని నిలబడే ఉన్నారు.

వరసలో ఒకామె ఉంది. సదుం వైపు నుంచి వచ్చానని అంతకుముందే నాతో అంది. బోర్డు చదవలేదో, చదివి లక్ష్యపెట్టలేదో, సంచిలోంచి ఒక పలుగురాయి తీసి తను నిలబడిన చోట పెట్టి, కొంగు దులుపుకుని గోడ నీడకేసి నడిచింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. వెనకున్న ఒకతను, "రాళ్ళు పెట్టగూడదని రాసుండారు కదమ్మా!" అంటూ ఆ రాయిని బూటుకాలితో పక్కకు తోశాడు.

ఆ అరుపుకు ఈయన బయటికొచ్చాడు. నన్ను చూడలేదు. బోర్డు కేసి చూశాడు, పక్కకు దొర్లిన రాయి కేసి చూశాడు, గోడ నీడలో కళ్ళు మూసుకుని కూర్చున్న ఆమె కేసి చూశాడు. ఈయనేం చేస్తాడోనని నేను క్యారియరు గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. నా జీవితంలో దేనికోసమూ అంత ఆత్రంగా ఎదురుచూడలేదు.

మెట్లు దిగొచ్చి, మోకాలు పట్టుకుని వంగి, ఆ రాయిని తెచ్చి దాని చోట దాన్ని పెట్టాడు.

"కాలు తియ్యప్పా" అన్నాడు. "మనిషుండాది ఈడ."